సీ లైబ్రరీ ఉమ్మడిదా, సొంతదా?

ఓఎస్ సబ్జెక్ట్ చదివాక మనలో కొంతమందికి ఒక పిచ్చి పట్టుకుంటుంది. సొంతంగా ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాసేయాలి అని. బూట్‌లోడర్ దాకా ఎలాగోలా లాక్కొస్తారు. స్క్రీన్ మీద నాలుగు అక్షరాలు కనిపిస్తాయి, కీబోర్డ్ నొక్కితే పలుకుతుంది. తర్వాత ఒక మామూలు సీ ప్రోగ్రామ్ నడపాలనుకుంటే అక్కడ బండి ఆగుతుంది. ప్రింట్‌ఎఫ్ ఏది? మాలాక్ ఏది? ఇవన్నీ ఉండేది సీ లైబ్రరీలో. దాన్ని మనమే రాసుకోవాలా, లేక ఇప్పటికే నలుగురూ వాడుతున్నదాన్ని తెచ్చి పెట్టుకోవాలా?

ఇది సరదా ప్రాజెక్టులకే పరిమితమైన ప్రశ్న కాదు. లైనక్స్, డెబియన్, ఆల్పైన్, ఆండ్రాయిడ్, ఓపెన్‌బీఎస్‌డీ అన్నీ ఎప్పుడో ఒకప్పుడు దీనికి జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. ఒక్కొక్కటి ఒక్కో జవాబు చెప్పింది. ఆ కథలన్నీ పక్కపక్కన పెట్టి చదివాక నాకొక అభిప్రాయం ఏర్పడింది. ఉమ్మడి లైబ్రరీ తెచ్చుకోవడమే మేలు, కానీ ఆ ఉమ్మడి ఇంట్లో మన మాటకు కాస్త విలువ ఉండాలి. అలా ఎందుకు అంటున్నానో చెప్తాను.

ముందుగా ఒక చిన్న స్పష్టత. షేర్డ్ లైబ్రరీ అంటే మనకి వెంటనే గుర్తొచ్చేది డైనమిక్ లింకింగ్. ఇక్కడ ఉమ్మడి అంటున్నది దాని గురించి కాదు. వేర్వేరు ఆపరేటింగ్ సిస్టమ్‌లు కలిసి వాడుకునే, కలిసి చూసుకునే ఒకే కోడ్ అని నా ఉద్దేశం.

అసలు అది చేసే పనేంటి?

ఫస్ట్ ఇయర్ ల్యాబ్‌లో మనం రాసిన మొదటి ప్రోగ్రామ్‌నే తీసుకుందాం. ప్రింట్‌ఎఫ్ అని పిలుస్తాం. కెర్నల్‌కి ప్రింట్‌ఎఫ్ అంటే ఏంటో తెలియదు. దానికి తెలిసింది ఫలానా ఫైల్‌లోకి ఇన్ని బైట్లు రాయి అనే సిస్టమ్ కాల్ మాత్రమే. మనం ఇచ్చిన అంకెల్ని అక్షరాలుగా మార్చి, బఫర్‌లో పోగేసి, సరైన సమయంలో ఆ సిస్టమ్ కాల్ చేసేది సీ లైబ్రరీ. మాలాక్ కూడా అంతే. కెర్నల్ పేజీల లెక్కన మెమరీ ఇస్తుంది, మనకి కావాల్సింది 24 బైట్లు. ఆ చిల్లర లెక్కలన్నీ లైబ్రరీవే. వెబ్‌సైట్ పేరుని ఐపీ అడ్రస్‌గా మార్చడం, త్రెడ్లు, తేదీలు, భాషకి తగ్గట్టు వారాల పేర్లు, ఇవన్నీ దాని జాబితాలోనివే.

"నేను పైథాన్ మాత్రమే రాస్తాను, నాకెందుకు ఇదంతా" అనుకోకండి. మనం ఎక్కువగా వాడే పైథాన్ ఇంటర్‌ప్రెటర్ సీలోనే రాసి ఉంది. అదీ ఈ లైబ్రరీ మీదే కూర్చుంటుంది.

అందుకే ఇది సిస్టమ్‌లో ఉన్న ఇంకో ప్యాకేజీ లాంటిది కాదు. ఒకసారి కంపైల్ అయిన ప్రోగ్రామ్‌కీ దీనికీ మధ్య ఒక ఒప్పందం ఉంటుంది. ఏ ఫంక్షన్ ఏ పేరుతో దొరుకుతుంది, స్ట్రక్చర్‌లో ఏ ఫీల్డ్ ఎన్ని బైట్లు అన్నవి అందులో భాగం. దాన్ని ఏబీఐ అంటాం. లైబ్రరీ మార్చడం అంటే ఆ ఒప్పందం మార్చడమే.

ఆ 6 ఎక్కడి నుంచి వచ్చింది?

ఉబుంటులోనో ఫెడోరాలోనో ఏ ప్రోగ్రామ్ మీదైనా ఎల్‌డీడీ కమాండ్ కొట్టి చూడండి. దాదాపు ప్రతిసారీ లిబ్‌సీ డాట్ ఎస్‌ఓ డాట్ 6 అని ఒక లైన్ కనిపిస్తుంది. ఆ లైబ్రరీ పేరు గ్లిబ్‌సీ. దాని వెర్షన్ చూస్తేనేమో 2 పాయింట్ ఎంతో ఉంటుంది. మరి ఈ 6 ఏంటి?

గ్లిబ్‌సీ గ్నూ ప్రాజెక్టులో 1980ల చివర్లో మొదలైంది. 1990ల మొదట్లో లైనక్స్ రాస్తున్నవాళ్లకి దాని నడక నచ్చలేదు. తమ అవసరాలకి తగ్గట్టు అది కదలడం లేదని, ఆ కోడ్‌ని ఫోర్క్ చేసి సొంతంగా లైనక్స్ లిబ్‌సీ అని ఒకటి నడుపుకున్నారు. లైనక్స్ సిస్టమ్‌లలో 4, ఆ తర్వాత 5 నంబర్లతో తిరిగింది అదే.

వేరు కాపురం కొన్నేళ్లు బాగానే సాగింది. ఈలోగా అసలు గ్లిబ్‌సీ కూడా ఊరుకోలేదు. 1997 జనవరిలో 2.0 వచ్చేసరికి పోసిక్స్ ప్రమాణాల్ని బాగా పాటిస్తోంది, త్రెడ్లకి, ఐపీవీ6కి వీలు ఉంది, వేరే ప్రాసెసర్ల మీదకి తీసుకెళ్లడం తేలిక, ఇంగ్లిష్ కాని భాషలకి మద్దతు మెరుగు. ఇవన్నీ ఫోర్క్‌లో మళ్లీ మొదటి నుంచి చేసుకోవడం కంటే వెనక్కి వెళ్లిపోవడమే నయమని లైనక్స్ వాళ్లు నిర్ణయించుకున్నారు. 4, 5 నంబర్లు అప్పటికే అయిపోయాయి కాబట్టి తిరిగొచ్చిన గ్లిబ్‌సీకి 6 దక్కింది. 1997 చివర్లో రెడ్‌హ్యాట్ లైనక్స్ 5.0, 1998లో డెబియన్ 2.0 దానికి మారాయి.

ఈ కథలో నన్ను ఆపిన విషయం ఒకటుంది. ఫోర్క్‌లో చేసిన మార్పులు అసలు గ్లిబ్‌సీలోకి తిరిగి వెళ్లలేదు. ఏ ముక్క ఎవరు రాశారో స్పష్టంగా లేదు, గ్నూ ప్రాజెక్టు ఏమో కాపీరైట్ లెక్కల్లో చాలా పట్టుదలగా ఉండేది. అంటే అన్నేళ్ల పనిలో చాలా భాగం తర్వాతి తరానికి అందలేదు. సొంతంగా రాసుకోవడానికి అయ్యే ఖర్చు రాసిన రోజే తెలిసిపోతుంది. రాసింది తిరిగి కలపలేకపోవడం వల్ల వచ్చే ఖర్చు మాత్రం చాలా కాలానికి గానీ తెలియదు.

ఉమ్మడి వల్ల తెలుగుకేం దక్కింది?

లాభం గురించి చెప్పమంటే అందరూ "శ్రమ తగ్గుతుంది" అంటారు. నిజమే. కానీ మన మ్యాగజైన్‌లో చెప్పుకోదగ్గ ఉదాహరణ ఇంకోటి ఉంది.

గ్లిబ్‌సీలో లొకేల్ ఫైళ్లు ఉంటాయి. ఒక భాషలో తేదీ ఎలా రాస్తారు, వారాల పేర్లేంటి, అక్షరాల వరస ఏంటి అన్నవి వాటిలో ఉంటాయి. అందులో మన తెలుగుది కూడా ఒకటుంది. మీ సిస్టమ్‌లో ఆ తెలుగు లొకేల్ ఎక్కించుకుని డేట్ కమాండ్ కొడితే వారం పేరు తెలుగులో వస్తుంది. ఉబుంటు అయినా, ఫెడోరా అయినా, డెబియన్ అయినా అదే ఫైల్. ఎవరో ఒకచోట కూర్చుని ఒకసారి రాసి ఇస్తే అన్నిచోట్లా పనిచేసింది.

ఇప్పుడు ఒక్కో సిస్టమ్‌కి ఒక్కో సీ లైబ్రరీ ఉందనుకోండి. ఇంగ్లిష్‌కి ఏ ఇబ్బందీ ఉండదు, రాసేవాళ్లకి వచ్చిన భాష అది. తెలుగు లాంటి భాషలకి మాత్రం ప్రతి ఇంటి తలుపూ మళ్లీ తట్టాల్సి వస్తుంది. అంతమంది వాలంటీర్లని ఎక్కడి నుంచి తెస్తాం?

మజిల్ అనే ఇంకో సీ లైబ్రరీ ఉంది, దాని సంగతి కాసేపట్లో చెప్తాను. అది చిన్నగా, శుభ్రంగా ఉండాలన్న లక్ష్యంతో రాసింది. అందులో తెలుగు లొకేల్ సమాచారం రాదు. పదాల్ని భాష ప్రకారం పోల్చాల్సిన ఫంక్షన్ అక్కడ ఉత్త బైట్లనే పోలుస్తుంది. యూనికోడ్‌లో ళ అక్షరం ల పక్కనే, వ కంటే ముందు ఉంటుంది. మనం నేర్చుకున్న వర్ణమాలలో ళ వచ్చేది హ తర్వాత. ఉత్త బైట్ల వరసలో పెడితే "కళ" ఎప్పుడూ "కవి"కి ముందే వస్తుంది. మన వరస మనం చెప్పుకోవడానికి గ్లిబ్‌సీలో ఒక చోటంటూ ఉంది. మజిల్‌లో ఆ చోటే లేదు.

మరి కష్టాలు?

"ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చింది" అని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. అందరిదీ అయినప్పుడు ఎవరూ పట్టించుకోని ప్రమాదం ఉంటుంది. 2015 జనవరిలో బయటపడ్డ ఘోస్ట్ అనే లోపం దీనికి సరిగ్గా సరిపోతుంది. నెట్‌వర్క్‌లో హోస్ట్ పేరుని అడ్రస్‌గా మార్చే ఫంక్షన్‌లో బఫర్ దాటి రాసేసే తప్పు అది. 2000లో వచ్చిన గ్లిబ్‌సీ 2.2 నుంచీ అక్కడే ఉంది. ఇంకా విచిత్రం ఏంటంటే, 2013లోనే దాన్ని సరిచేశారు. కానీ అది భద్రతకి సంబంధించిన లోపం అని అప్పుడు ఎవరూ గుర్తించలేదు. దాంతో పాత వెర్షన్‌నే ఏళ్ల తరబడి వాడే సర్వర్ డిస్ట్రిబ్యూషన్‌లకి ఆ సవరణ చేరలేదు. ఒకే లైబ్రరీ అందరూ వాడితే, ఒకే కన్నం అందరి గోడకీ ఉంటుంది.

రెండో కష్టం, కాదు అనే అధికారం ఒకరి చేతిలో ఉండటం. ఎస్‌టీఆర్‌ఎల్‌సీపీవై అనే ఫంక్షన్ తెలుసా? స్ట్రింగ్ కాపీ చేసేటప్పుడు గమ్యం పరిమాణం దాటకుండా చూసేది. ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లు 1998లో తెచ్చారు. గ్లిబ్‌సీలో పెట్టమని అడిగితే 2000లో కుదరదన్నారు. స్ట్రింగ్ సగంలో తెగిపోయిన సంగతి ప్రోగ్రామర్ గమనించకుండా వదిలేస్తాడు అన్నది వాళ్ల వైపు వాదన, అందులో కొంత న్యాయం ఉంది. కానీ జరిగిందేంటంటే, కావాల్సిన ప్రాజెక్టులు తమ సొంత కాపీలు తాము పెట్టుకున్నాయి. చివరికి 2023 ఆగస్టులో గ్లిబ్‌సీ 2.38లో అది వచ్చింది. దాదాపు పాతికేళ్లు పట్టింది.

మూడో కష్టం పైన చెప్పిన ఒప్పందానిది. 2010లో గ్లిబ్‌సీలో మెమ్‌కాపీ ఫంక్షన్‌ని కొత్త ఇంటెల్ ప్రాసెసర్ల కోసం వేగంగా చేశారు. దాంతో ఫెడోరా 14లో ఫ్లాష్ ప్లేయర్ శబ్దం చెడిపోయింది. రూల్ ప్రకారం, కాపీ చేసే రెండు చోట్లూ ఒకదానిమీద ఒకటి పడితే మెమ్‌కాపీ వాడకూడదు, మెమ్‌మూవ్ వాడాలి. తప్పు ఫ్లాష్‌దే. కానీ వీడియో చూసేవాడికి రూల్‌తో పనేముంది? నిన్న పనిచేసింది, ఇవాళ చేయట్లేదు. లైనస్ టోర్వాల్డ్స్ కూడా వాడుకరి పక్షానే వాదించాడు. తర్వాత గ్లిబ్‌సీ వాళ్లు ఒక ఉపాయం చేశారు. పాత ప్రోగ్రామ్‌లకి పాత పద్ధతిలో సురక్షితంగా పనిచేసే మెమ్‌కాపీ, 2.14 నుంచి కొత్తగా కంపైల్ అయినవాటికి కొత్తది. ఒకే పేరుకి రెండు వెర్షన్లు. నలుగురితో కలిసి ఉండాలంటే ఇలాంటి సర్దుబాట్లు తప్పవు.

డెబియన్ అలిగిన కథ

2009లో డెబియన్‌కి విసుగొచ్చింది. గ్లిబ్‌సీ నిర్వాహకులు ప్యాచ్‌లు తీసుకునే తీరు, ఏఆర్‌ఎం లాంటి ప్రాసెసర్ల పట్ల వైఖరి నచ్చక ఈగ్లిబ్‌సీ అనే దానికి మారిపోయింది. చూడ్డానికి ఇదీ ఒక ఫోర్కే. కానీ లైనక్స్ లిబ్‌సీకీ దీనికీ పెద్ద తేడా ఉంది. ఈగ్లిబ్‌సీ అసలుదానితో సోర్స్ స్థాయిలోనూ, బైనరీ స్థాయిలోనూ సరిపోయేలా ఉండాలని మొదటి నుంచీ నియమం పెట్టుకుంది. అలిగినా ఇంటి తలుపు మూయలేదన్నమాట.

2012లో గ్లిబ్‌సీ స్టీరింగ్ కమిటీ రద్దయింది. నిర్ణయాలు డెవలపర్లందరూ కలిసి చర్చించి తీసుకునే పద్ధతి వచ్చింది. ఈగ్లిబ్‌సీలోని మంచి మార్పులు అసలు కోడ్‌లోకి చేరాయి. 2014లో డెబియన్ తిరిగి గ్లిబ్‌సీకి వచ్చేసింది. 2021లో అయితే, కాపీరైట్‌ని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌కి రాసివ్వాలన్న తప్పనిసరి నిబంధన కూడా సడలించారు. 1990లలో ఫోర్క్ చేసినవాళ్ల పని కలవకుండా అడ్డుపడ్డది ఇలాంటి లెక్కే కదా.

డెబియన్ వెళ్లినప్పుడూ, తిరిగొచ్చినప్పుడూ దాన్ని వాడే మామూలు జనానికి ఏ ఇబ్బందీ కలగలేదు. ఏబీఐ మారలేదు కాబట్టి.

ఆల్పైన్ దారి వేరు

ఉమ్మడి లైబ్రరీ అంటే గ్లిబ్‌సీ ఒక్కటే కాదు. ఆల్పైన్ లైనక్స్ 2014లో 3.0 వెర్షన్‌తో మజిల్‌కి మారింది. అంతకుముందు ఎంబెడెడ్ పరికరాల కోసం పుట్టిన యూసీలిబ్‌సీ వాడేది. మజిల్ లైసెన్స్ ఎంఐటీ, కోడ్ చిన్నది, స్టాటిక్ లింకింగ్‌కి అనుకూలం. డాకర్ వచ్చాక 5 ఎంబీ చుట్టుపక్కల ఉండే ఆల్పైన్ ఇమేజ్ అంటే అందరికీ ముద్దొచ్చింది.

అయితే మీలో కొంతమందికి ఈ అనుభవం అయ్యే ఉంటుంది. ఉబుంటులో బిల్డ్ చేసిన బైనరీని ఆల్పైన్ కంటైనర్‌లో పెట్టి నడిపితే "ఫైల్ దొరకలేదు" అంటుంది. ఫైల్ ఎదురుగానే కనిపిస్తూ ఉంటుంది! దొరకనిది ఆ ఫైల్ కాదు, దాన్ని మెమరీలోకి ఎక్కించాల్సిన గ్లిబ్‌సీ లోడర్. అలాగే పైథాన్ ప్యాకేజీలు. ముందే కంపైల్ చేసిన వీల్స్ చాలాకాలం గ్లిబ్‌సీకి మాత్రమే ఉండేవి. ఆల్పైన్‌లో నమ్‌పై పెట్టమంటే మొత్తం సోర్స్ నుంచి కంపైల్ చేస్తూ కూర్చునేది. మజిల్ కోసం వేరే వీల్స్ ప్రమాణం 2021లో గానీ రాలేదు.

ఇంకా సూక్ష్మమైన తేడాలున్నాయి. కొత్త త్రెడ్‌కి గ్లిబ్‌సీ మామూలుగా 8 ఎంబీ స్టాక్ ఇస్తే, మజిల్ 128 కేబీ ఇస్తుంది. లోతుగా రికర్షన్ చేసే ప్రోగ్రామ్ ఒకచోట నడిచి ఇంకోచోట కూలిపోతుంది. డీఎన్‌ఎస్ జవాబు పెద్దదై యూడీపీలో పట్టకపోతే టీసీపీలో మళ్లీ అడగడం మజిల్‌కి 2023లో వచ్చిన 1.2.4తో గానీ రాలేదు. మజిల్ చెడ్డదని నేను అనట్లేదు. ఘోస్ట్ లాంటిది గ్లిబ్‌సీని కుదిపినప్పుడు మజిల్ వాడేవాళ్లు హాయిగా నిద్రపోయారు. లైబ్రరీతో పాటు దాని ఊరు కూడా మారుతుందని చెప్తున్నానంతే.

సొంతదే సరైన చోటు

ఓపెన్‌బీఎస్‌డీ సొంత లైబ్రరీనే వాడుతుంది, అక్కడ అదే సబబు. ఎందుకంటే వాళ్ల కెర్నల్, సీ లైబ్రరీ, కమాండ్‌లు అన్నీ ఒకే సోర్స్ ట్రీలో ఉంటాయి, కలిసే విడుదలవుతాయి. సిస్టమ్ కాల్స్‌ని కావాలంటే మార్చేస్తారు, లైబ్రరీని దాంతోపాటే మార్చుకుంటారు.

దీని లాభం 2038 సమస్యలో కనిపిస్తుంది. 32 బిట్లలో సెకన్లు లెక్కపెట్టే పాత టైమ్ 2038 జనవరి 19న నిండిపోతుంది. ఓపెన్‌బీఎస్‌డీ 2014లో 5.5 విడుదలతోనే అన్ని ప్రాసెసర్ల మీదా దాన్ని 64 బిట్లకి మార్చేసింది. పాత బైనరీలు పనిచేయవు, అన్నీ మళ్లీ బిల్డ్ చేసుకోండి అంది. గ్లిబ్‌సీకి అంత స్వేచ్ఛ లేదు. 32 బిట్ సిస్టమ్‌లలో 64 బిట్ టైమ్ ఎంచుకునే వీలు 2021లో 2.34తో వచ్చింది, డెబియన్ తన 32 బిట్ ఏఆర్‌ఎం ప్యాకేజీల్ని మార్చే పని 2024లో చేసింది.

లైనక్స్ పద్ధతి దీనికి తలకిందులు. కెర్నల్ వాళ్లు సీ లైబ్రరీ ఇవ్వరు. దానికి బదులు సిస్టమ్ కాల్స్‌ని విరగ్గొట్టం అని గట్టిగా నిలబడతారు. అందుకే ఒకే కెర్నల్ మీద గ్లిబ్‌సీ, మజిల్, ఆండ్రాయిడ్ వాళ్ల బయానిక్, అన్నీ బతుకుతున్నాయి.

బయానిక్‌లో ఒక మధ్యేమార్గం కనిపిస్తుంది. గూగుల్ లైసెన్స్ కారణంగా, పరిమాణం కారణంగా గ్లిబ్‌సీ వద్దనుకుంది. అలాగని అన్నీ మొదటి నుంచి రాసుకోలేదు. బీఎస్‌డీ సిస్టమ్‌ల నుంచి చాలా తెచ్చుకుంది. ఓపెన్‌బీఎస్‌డీ, ఫ్రీబీఎస్‌డీ, నెట్‌బీఎస్‌డీల నుంచి తెచ్చినవాటిని వాటి పేర్లతోనే విడివిడి ఫోల్డర్లలో ఉంచింది. ఎక్కడిది ఎక్కడ నుంచి వచ్చిందో తెలుస్తుంది, అక్కడ సవరణ జరిగితే తెచ్చుకోవచ్చు. పాత బీఓఎస్ ప్రోగ్రామ్‌లని నడపాలనుకునే హైకూ కూడా తన లిబ్‌రూట్‌ని అలాగే ఉంచుకుని, లోపల మజిల్ ముక్కలు చాలా వాడుకుంటుంది. బయటి ఒప్పందం సొంతం, లోపలి కోడ్ అరువు.

అయితే ఏం చేయాలి?

ఎవరైనా ఓపెన్ సోర్స్ ఓఎస్ వాళ్లు నన్ను అడిగితే, ముందు నాలుగు ప్రశ్నలు వేస్తాను. మీ సిస్టమ్ కాల్స్ స్థిరంగా ఉంటాయా, లేక ఇంకా రోజూ మారుతున్నాయా? మారుతుంటే బయటి లైబ్రరీ మీతో పరిగెత్తలేదు. మీరు నడపాల్సిన పాత బైనరీలు ఉన్నాయా? ఉంటే ఆ ఒప్పందాన్ని ముట్టుకోకండి. లైసెన్స్ మీకు కుదురుతుందా? చివరిది, నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది: మీ ప్యాచ్ పంపితే అవతల చదివేవాళ్లు ఉన్నారా, మీలో పంపేవాళ్లు ఉన్నారా?

చివరి ప్రశ్నకి అవును అనే జవాబుంటే ఉమ్మడి లైబ్రరీనే తెచ్చుకోండి అంటాను. తెచ్చుకుని అందులో మార్పులు చేసి, పైకి పంపకుండా మన దగ్గరే పెట్టుకుంటే మాత్రం అది ఉమ్మడీ కాదు, సొంతమూ కాదు. ప్రతి కొత్త వెర్షన్‌కీ ఆ మార్పుల్ని మళ్లీ అతికించుకుంటూ ఉండాలి. రాసినవాడు పాసవుట్ అయి వెళ్లిపోతే అతికించేవాడూ ఉండడు.

ఓఎస్ రాసే ఉద్దేశం లేనివాళ్లకి కూడా ఇందులో పని ఉంది. తెలుగు లొకేల్ ఫైల్ ఒక మామూలు టెక్స్ట్ ఫైల్. దాన్ని చదవడానికి సీ రానక్కర్లేదు, తెలుగు వస్తే చాలు. తేదీ రాసే పద్ధతి సరిగ్గా ఉందా, అక్షరాల వరస మన నిఘంటువుకి దగ్గరగా ఉందా చూడండి. తప్పు కనిపిస్తే బగ్ రాయండి. సాహిత్య క్లబ్బులో ఉన్నవాళ్ల కంటే ఆ పనికి తగినవాళ్లు ఇంకెవరుంటారు?